పులివెందుల తాత కోసం ప్రార్థన

పులివెందుల,
10 నవంబరు 2024

ప్రియమైన జేజికి,

లిడియా వందనాలు. నిన్న ఫోనులో "హాస్టల్లో పప్పు బాగుంది" అని నేను అరిస్తే, నువ్వు "ఎవరు తప్పిపోయినారు?" అని ఏడుపు మొదలుపెట్టావు. పక్క గదుల వాళ్ళంతా తలుపులు తీసి చూశారు. నాన్న చెప్పిన ఉపాయమే మంచిది. ఇకనుంచి మనిద్దరికీ ఉత్తరాలే. నలభై ఏళ్ళు మిషన్ బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించినదానివి, నా తప్పులు దిద్దకుండా ఊరుకోవని తెలిసే రాస్తున్నాను.

డాక్టరు చదువంటే లావు పుస్తకాలు బట్టీ కొట్టడం అనుకున్నాను. ఇక్కడ సగం రోజు ల్యాబుల్లోనే గడుస్తుంది. మొన్న మొదటిసారి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి చూస్తే వంపు తిరిగిన నల్లటి గీత ఒకటి కనిపించింది. ఏదో గొప్ప నరం అనుకొని ఊదా, గులాబీ పెన్సిళ్ళతో అందంగా బొమ్మ గీశాను. మేడమ్ వచ్చి, కాసేపు చూసి, "అది నీ కనురెప్ప వెంట్రుకమ్మా" అన్నారు. అప్పటినుంచి మా బ్యాచ్‌లో నా పేరు వెంట్రుక. ఆ పేరు పెట్టినవాడు వివేక్ అని కమలాపురం పిల్లవాడు.

అసలు సంగతి అనాటమీ హాలు. మనిషి ఒంట్లో ఏది ఎక్కడ ఉంటుందో కళ్ళారా చూసి నేర్చుకునే చోటు. పొడుగాటి స్టీలు టేబుళ్ళు, ముక్కు పగిలే మందు వాసన. మొదటి రోజు అందరి కళ్ళల్లో నీళ్ళే. టేబుల్‌కు కొంతమందిమి. మా టేబుల్ మీద ఒక తాత. పేరు చెప్పరు. చదువుకునే పిల్లలకు పనికొస్తానని తన శరీరాన్ని కాలేజీకి రాసిచ్చిన మనిషట. మాట లేదు, కదలిక లేదు. చెయ్యి తాకితే చల్లగా ఉంది. నాకు ఒళ్ళు జలధరించి ఇష్రత్ మీద వాలిపోయాను. ఇష్రత్ నా గదిలో ఉండే ప్రొద్దుటూరు అమ్మాయి, శానా గట్టిది. ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో తన కళ్ళజోడును పట్టుకుంది.

ఆ మాట ఉన్నదున్నట్టు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీకు అర్థమవుతుందిలే.

నాన్నకు చెప్పు, తెల్లకోటు కొలత సరిపోయిందని.

నీ మనవరాలు,
లిడియా

జమ్మలమడుగు,
20 నవంబరు 2024

చిరంజీవి లిడియాకు,

జేజి రాములమ్మ దీవెనలు. ఉత్తరం అందింది. "జలధరించి" కాదు, "జలదరించి". ధ కు ఒత్తు తీసెయ్. మిగతాదంతా బాగుంది. వెంట్రుక సంగతి మీ నాన్నకు చదివి వినిపిస్తే, అన్నం తింటున్న మనిషికి పొలమారింది.

నాకు అర్థమయింది తల్లీ. అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? మాట లేదు, కదలిక లేదు, చెయ్యి చల్లగా ఉంది. పక్షవాతం. మా బడిలో లెక్కలు చెప్పే సారుకు సరిగ్గా ఇట్లాగే వచ్చింది. ఆయనకైతే మూడు పూటలా చెంచాతో పోసే భార్య ఉండేది. మీ తాత బిడ్డలు ఏమయ్యారు? కన్నతండ్రిని కాలేజీకి రాసిచ్చి చేతులు దులుపుకున్నారా? పేరు కూడా చెప్పరంటే, ఎంత సిగ్గుమాలిన పని చేశారో వాళ్ళకే తెలుసు. నాకు ఒక్కసారి కనబడనీ వాళ్ళను.

నువ్వు చేసింది మాత్రం నాకు నచ్చలేదు. రోగిని చూసి పక్కవాళ్ళ మీద వాలిపోవడం ఏమిటి? నోరు లేని మనిషి, తనలో తాను ఎంత నొచ్చుకొని ఉంటాడు? రేపు వెళ్ళి పలకరించు.

మీ నాన్న పనిచేసే అంగడికి ప్రొద్దుటూరు నుంచి బట్టల సరుకు దించే వ్యాను ఆ వైపు వస్తుందంటే, దానిలో మూట పంపుతున్నాను. జొన్నరొట్టెలు, నువ్వుల పొడి మీకు. మెత్తటి దుప్పటి తాతకు. రొట్టె నమలలేకుంటే పాలల్లో నానబెట్టి తినిపించు. తొందరపెట్టవద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.

ఆదివారం మా స్త్రీల సమాజంలో లేచి నిలబడి చెప్పాను. అందరం పులివెందుల తాత స్వస్థత కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేశాం. పక్కింటి అజ్మత్ బీ కూడా దువా చేస్తానంది. ఇక నీకేం భయం?

ప్రభువు నిన్ను కాచుగాక.
రాములమ్మ

పులివెందుల,
1 డిసెంబరు 2024

ప్రియమైన జేజికి,

వందనాలు. మూట అందింది. రొట్టెలు సాయంత్రానికే అయిపోయాయి. నువ్వుల పొడి డబ్బాను ఇష్రత్ తన దిండు కింద దాచుకుంది. నీ ఉత్తరం ఇద్దరం కలిసి చదివాం. ముందు పడీ పడీ నవ్వాం. "మోకాళ్ళ మీద" అన్న దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది.

జేజీ, తాత సంగతి నువ్వు అనుకున్నట్టు కాదు. ఆయనకు తిండి అక్కర్లేదు. స్వస్థత కోసం ప్రార్థన కూడా అక్కర్లేదు. ఆయనకు ఇప్పుడు ఏ నొప్పీ లేదు. మిగతాది ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను. నాన్నను చెప్పమంటే "నాతో కాదమ్మా, నువ్వే చెప్పుకో" అన్నాడు.

ఇతర ల్యాబుల సంగతులు రాస్తాను. ఫిజియాలజీలో ఎవరి వేలు వాళ్ళే సూదితో పొడుచుకొని రక్తం తీయాలి. సూదిని వేలి దాకా తేవడం, ఆగిపోవడం, మళ్ళీ దేవుణ్ణి తలుచుకోవడం. చివరికి ఇష్రత్ "అదేంది ఆ పక్క?" అంది. నేను అటు చూసేలోపు పొడిచేసింది. ఆ రక్తాన్ని చిన్న గొట్టంలో వేసి, చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ, పక్కనున్న గాజు రంగుతో కలిసేదాకా చూస్తే మన ఒంట్లో రక్తం ఎంత బాగుందో తెలుస్తుంది. నాకు ఎనిమిది వచ్చింది. తక్కువేనట.

బయోకెమిస్ట్రీలో మూత్రంలో చక్కెర ఉందో లేదో చూడడం నేర్పారు. నీలంగా ఉండే మందులో వేసి కాచితే, చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది, బాగా ఉంటే ఇటుక రంగు వస్తుంది. వివేక్ నమూనా ఇటుక కంటే ఎర్రగా వచ్చింది. వాడు ముఖం వేలాడేసుకొని వాళ్ళ అమ్మకు ఫోను కూడా చేశాడు. తీరా చూస్తే పక్క బెంచీవాళ్ళు వాడి గొట్టంలో గ్లూకోజు కలిపారు. మేడమ్ కోప్పడాలో నవ్వాలో తెలియక బయటికి వెళ్ళి నవ్వి, లోపలికి వచ్చి కోప్పడ్డారు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తొలుస్తోంది. ఇన్నాళ్ళుగా తాత చెయ్యే చూస్తున్నాం. భుజం అయింది, ఇప్పుడు మోచేయి. ఇష్రత్, వివేక్ కోస్తారు. నేను ఇంతవరకు కత్తి పట్టలేదు. పుస్తకం పట్టుకొని పేర్లు చదువుతాను. మేడమ్ గమనించారు. "జనవరిలో పరీక్ష. నీ చేత్తో నువ్వే చేసి చూపించాలి. ఎన్నాళ్ళు పుస్తకం వెనక దాక్కుంటావు?" అని అడిగారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న సీటు, నా చేతులు వణికే కారణంగా పోతుందేమోనని భయంగా ఉంది. ఈ చదువుకు నేను తగనేమో జేజీ.

లిడియా

జమ్మలమడుగు,
12 డిసెంబరు 2024

చిరంజీవి లిడియాకు,

దీవెనలు. ఈసారి అక్షరదోషం ఒక్కటీ లేదు, సంతోషం. కానీ నీ ఉత్తరం చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మొదటి సంవత్సరం పిల్లలతో ఆపరేషను చేయిస్తున్నారా? భుజం అయిపోయి మోచేతికి వచ్చారా? పెద్ద డాక్టర్లు పక్కనే ఉంటారు కదా? మీ నాన్నను అడిగితే పేపరు అడ్డం పెట్టుకొని "అంతా మేడమ్ చూసుకుంటుందిలేమ్మా" అన్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతానన్నావంటే అంటుజబ్బు అయి ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకో.

ఏ నొప్పీ లేదని రాశావు చూడు, ఆ ఒక్క మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. మేం ప్రార్థన మొదలుపెట్టి ఎన్నాళ్ళయిందని? ఆదివారం కూడికలో నీ ఉత్తరంలోని ఆ వాక్యం గట్టిగా చదివాను. అందరూ స్తోత్రం అన్నారు. మా పాస్టరు గారు "పులివెందుల తాత సాక్ష్యం" అని క్రిస్మస్ రోజున చెప్పమన్నారు.

ఇక నీ భయం సంగతి. నేను బడిలో చేరిన కొత్తలో ఒక్క పిల్లవాడి చెయ్యి పట్టుకొని దిద్దించాలన్నా నాకు చెమటలు పట్టేవి. వాడు ఏడుస్తాడేమో, నాకు రాదేమో అని. తర్వాత తెలిసింది, నేను వాడిని చూడకుండా నా భయాన్నే చూసుకుంటున్నానని. ఆ రోజునుంచి ముందు పేరు పెట్టి పిలిచేదాన్ని. తర్వాత ఊరికే చెయ్యి పట్టుకొని కాసేపు ఉండేదాన్ని. ఆ తర్వాతే బలపం. నువ్వూ అట్లాగే చెయ్యి. పేరు తెలియకపోతే "నాయనా" అను. ఆయన చెయ్యి నీ చేతిలోకి తీసుకో. నీ చేతి వణుకు తగ్గేదాకా పట్టుకో. ఆ తర్వాత నీ పని నువ్వు చెయ్యి. సీటు సంగతి, తగడం తగకపోవడం సంగతి అప్పుడు చూద్దాం.

ఎనిమిది ఏమిటి, నా బొంద? రాగులు, నల్లబెల్లం పంపుతున్నాను. రోజూ తిను.

రాములమ్మ

పులివెందుల,
26 జనవరి 2025

ప్రియమైన జేజికి,

వందనాలు. ముందుగా, నా రక్తం ఎనిమిది కాదు, పన్నెండు. రంగు కలవకముందే కంగారుపడి నీళ్ళు పోయడం ఆపేశాను. రాగులు, బెల్లం మాత్రం వృథా కాలేదు. మా అంతస్తు మొత్తానికి రక్తం పట్టింది.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తాత సంగతి నీకు చెప్పేద్దామనే వచ్చాను. గుడి మెట్ల మీదే మీ సమాజం వాళ్ళంతా చుట్టుముట్టి "తాత ఎట్లుండాడు?" అని అడిగారు. "అట్లే ఉండాడు" అన్నాను. అబద్ధం కాదు. నువ్వు వేదిక ఎక్కి సాక్ష్యం చెబుతుంటే నేను వెనక వరుసలో చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత నోరు పెగల్లేదు.

ఇప్పుడు చెప్పాల్సింది వేరే. నీ మాట విన్నాను. పరీక్షకు ముందు వారం, పొద్దున్నే అందరికంటే ముందు హాలుకు వెళ్ళాను. ఫకీర్ సాహెబ్ అని ముసలి అటెండరు తలుపు తీశాడు. "ఏందమ్మా, ఇంత పొద్దున?" అన్నాడు. "తాతను పలకరించాల" అన్నాను. ఆయన నవ్వలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

తాత చెయ్యి పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ పుస్తకం వెనక నుంచి చూశానే గాని, ఆ చేతిని నేను సరిగ్గా చూడనే లేదు. అరచెయ్యంతా గట్టిపడి ఉంది. చూపుడువేలి గోరు చీలి, మళ్ళీ పెరిగిన గుర్తు. కర్ర పట్టుకొని తిరిగిన చెయ్యో, పలుగు పట్టిన చెయ్యో. "నాయనా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. "నాయనా, నేను లిడియాను. జమ్మలమడుగు. నాకు పని రాదు. నేర్చుకోవాల" అన్నాను. అంతసేపూ వణికిన నా చెయ్యి ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఆ రోజు కత్తి నేనే పట్టుకున్నాను. ఇష్రత్ పుస్తకం పట్టుకొని పేర్లు చదివింది. పరీక్షలో మేడమ్ నా పక్కన నిలబడి, ఏమీ అనకుండా పక్క టేబుల్‌కు వెళ్ళిపోయారు. ఏమీ అనలేదంటే బాగా చేసినట్టే. పాసయ్యాను జేజీ.

వచ్చే నెల రెండో వారంలో మమ్మల్ని వేంపల్లె దగ్గరి పల్లెలకు తీసుకుపోతారు. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. వాళ్ళ ఆరోగ్యం మేం కనిపెట్టుకొని ఉండాలి. ఫోను కలవకపోతే కంగారుపడకు.

లిడియా

జమ్మలమడుగు,
15 ఫిబ్రవరి 2025

నా తల్లి లిడియాకు,

గుండె దిటవు చేసుకొని చదువు. నువ్వు వేంపల్లె పల్లెల్లో ఉండగా నేను పులివెందుల వచ్చి వెళ్ళాను. నువ్వు పాసయ్యావన్న సంతోషంలో తాతకు నా చేత్తో ఏదైనా పెట్టాలనిపించింది. మీ నాన్నకు చెబితే వద్దంటాడని, ఆయన అంగడికి వెళ్ళాక క్యారియరు కట్టుకొని ముద్దనూరు మీదుగా బస్సెక్కాను. పెసరపప్పు, మెత్తటి అన్నం, కొంచెం నెయ్యి.

దారి అడుగుతూ అడుగుతూ మీ హాలు దగ్గరికి చేరాను. తలుపు దగ్గర ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. నువ్వు రాసిన ఫకీర్ సాహెబే అయి ఉంటాడు.

"తాతను చూడాలప్పా" అన్నాను.

"ఏ తాతమ్మా?"

"మాట్లాడని తాత. మా పిల్ల చెయ్యి బాగు చేస్తాంది గదా, ఆయన."

ఆయన నన్నూ, నా క్యారియరునూ మార్చి మార్చి చూశాడు. ఏదో అన్నాడు. వినపడలేదన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినపడలేదు. చివరికి నా చెవి దగ్గర వంగి అరిచాడు. "ఆయప్ప సచ్చిపోయినాడమ్మా! సచ్చిపోయినాడు!"

వరండాలో పోతున్న పిల్లలంతా ఆగిపోయారు. ఆయన ఇంకా ఏవేవో చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. టీ తెచ్చి ఇచ్చాడు. పాపం, ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. మూసిన తలుపు దగ్గర నిలబడి ప్రార్థన చేసుకున్నాను. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. క్యారియరు ఆయనకే ఇచ్చి వచ్చాను.

మొన్నటిదాకా చెయ్యి బాగవుతున్న మనిషి! ఆఖరి ఘడియల్లో నువ్వు కూడా పక్కన లేకపోతివి. నిన్ను "నాయనా" అని పిలవమన్న నాకే ఇట్లా ఉంటే, పిలిచిన నీకు ఎట్లా ఉంటుందో.

ఇక్కడ అందరికీ చెప్పాను. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన బిడ్డలు రారు గాక రారు. భూస్థాపన ఎక్కడో, ఎప్పుడో వెంటనే రాయి. మేమంతా రావడానికి ఒక వ్యాను మాట్లాడుకున్నాం.

దుఃఖంతో,
మీ జేజి

పులివెందుల,
18 ఫిబ్రవరి 2025

జేజీ,

వ్యాను వద్దని చెప్పు. ఈ ఉత్తరం కూర్చొని చదువు.

తాత మొన్న పోలేదు. మేం ఆయనను మొదటిసారి చూసిన రోజుకే ఆయన పోయి చాలాకాలమయింది. అనాటమీ హాలంటే చనిపోయినవాళ్ళ శరీరాలను కోసి చూసి నేర్చుకునే చోటు. పాడవకుండా మందు పెట్టి ఉంచుతారు. ఆ వాసన అదే. ఆ చల్లదనం అదే. మేం చేసేది ఆపరేషను కాదు. ఆయన చెయ్యి బాగుపడడం లేదు జేజీ. పొర తర్వాత పొర తీసి, కింద ఏ కండరం, ఏ నరం ఉందో చూస్తున్నాం.

ఫకీర్ సాహెబ్ నాకు నీ సంగతి చెబుతూ "మీ జేజమ్మ ఏడుస్తాంటే నాకు నిజం చెప్పను నోరు రాలేదు. ఆయప్ప కోసం ఏడ్చినోళ్ళను ఈడ ఇంతవరకు నేను సూడలే" అన్నాడు. అన్నం అంతా తిన్నాడట. నెయ్యి బాగుందన్నాడు.

మొదటి ఉత్తరంలోనే శవం అనే మాట రాసి ఉంటే సరిపోయేది. ప్రతి నవంబరులో జేజినాయన సమాధికి నువ్వే దగ్గరుండి సున్నం కొట్టించి, పూలు పెట్టి, పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించి "ఇది నాది, ఎవరూ ఆక్రమించకుండా చూడండి" అంటావు. మట్టిలో పెట్టని మనిషిని నేను కత్తితో కోస్తున్నానంటే నువ్వు నన్ను ఇంటికి తీసుకుపోతావని భయపడ్డాను. చదువు మానేయాలని ఉన్న రోజుల్లో, నువ్వు ఆ మాట అంటే నేను కూడా మానేసేదాన్ని.

మా పని పూర్తయ్యాక ఆయనను గౌరవంగా సాగనంపుతారు. ఏప్రిల్‌లో ఒక రోజు శరీరాలు ఇచ్చినవాళ్ళ కుటుంబాలను పిలిచి కూర్చోబెట్టి మేం దండం పెట్టుకుంటాం.

నీకు కోపం వచ్చినా సరే, జవాబు రాయి.

లిడియా

జమ్మలమడుగు,
20 మార్చి 2025

చిరంజీవి లిడియాకు,

జవాబు ఆలస్యం చేసింది కోపంతోనే. దాచుకోను. నెల రోజులు పట్టింది చల్లారడానికి. నిన్ను అనడానికి ఏమీ మిగలక మీ నాన్న మీద అరిచాను. నీ రెండో ఉత్తరంనాటికే తెలుసట ఆయనకు! పేపరు చాటున నవ్వాడు! ఇప్పుడు ఇంట్లో పేపరు మాన్పించాను.

మా సమాజంలో లేచి నిజం చెప్పడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. చెప్పడం ముగించి కూర్చున్నాను. ముందు వరుసలో ఒకామె "అయితే సచ్చిపోయినాయన బాగుపడాలని అడిగినామా మనం?" అంది. ఇంకొకామె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతే, నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, పాస్టరు గారితో సహా అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

నవ్వు అయ్యాక గొడవ మొదలైంది. ఆయన పేరు ప్రార్థనలోంచి తీసేయాలని కొందరు. ఆయన మన సంఘస్తుడు కాదని ఒకరు. మనిషిని కోయడం పాపమని ఇంకొకరు. అప్పుడు నేను అడిగాను. "మన పిల్ల చెయ్యి వణుకుడు మాన్పించినాయన మనకు ఏమీ కాడా?" అని. రోగుల కోసం చేసే ప్రార్థనలోంచి తీసి, బడిపంతుళ్ళ కోసం చేసేదాంట్లో పెట్టించాను. అది నా చేతిలో ఉన్న పని. నా ఇష్టం.

ఒక్కటి మాత్రం తేటగా చెబుతున్నాను. నా శరీరం మీ కాలేజీకి ఇవ్వను. మీ జేజినాయన పక్కన చోటు నాది. చదువుకున్న పిల్లవని నాకు బోధించడానికి రావద్దు. అయినా ఇచ్చినవాళ్ళ బిడ్డలను నేను నానా మాటలు అన్నాను, వాళ్ళు ఎట్లాంటివాళ్ళో తెలియకుండానే. నాకు ఏప్రిల్‌లో పిల్లల బైబిలు బడి ఉంది, రాలేను. వాళ్ళు వస్తే నువ్వు ఊరికే దండం పెట్టి పంపవద్దు. పక్కన కూర్చో. అన్నం తిన్నారా అని అడుగు. ఎందుకిచ్చారో అడుగు. నాకు రాయి.

"గౌరవంగా" అని రాసిన దగ్గర గ కు ఔత్వం సరిగ్గా పెట్టలేదు.

రాములమ్మ

పులివెందుల,
26 ఏప్రిల్ 2025

ప్రియమైన జేజికి,

వందనాలు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషి పేరు చౌడమ్మ. ముందు ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టు. నీళ్ళివ్వు. తర్వాత చదువు. ఆమె కూతుర్ని జమ్మలమడుగులో ఇచ్చారు, అక్కడికే వస్తుంటే ఉత్తరం తీసుకుపొమ్మని అడిగాను. గొర్రెలను కొండ ఈ పక్కనుంచి ఆ పక్కకు అదిలించిన గొంతు. నీకు ప్రతి మాటా వినపడుతుంది.

ఈ రోజు మా కూడిక జరిగింది. మూడు కుటుంబాల వాళ్ళు వచ్చారు. ఏ టేబుల్ మీద ఎవరి మనిషో వాళ్ళకూ చెప్పరు, మాకూ చెప్పరు. మేడమ్ మాట్లాడారు. వివేక్ మా అందరి తరఫున మాట్లాడడానికి లేచి, రెండు మాటలు చెప్పి, మూడో మాటకు కాగితం మడిచి జేబులో పెట్టుకొని దిగిపోయాడు. అన్నాల దగ్గర నువ్వు చెప్పినట్టే నేను వెళ్ళి చౌడమ్మ పక్కన కూర్చున్నాను. ఒంటరిగా వచ్చింది.

"అన్నం తింటివా పెద్దమ్మా?" అన్నాను.

"తింటాండా. సాంబారు సప్పగుంది" అంది.

శరీరం ఇచ్చింది వాళ్ళ నాయనట. ఎందుకు ఇచ్చాడని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మాది కొండాపురం కాడ పల్లె. గండికోట డ్యాము నీళ్ళొచ్చి మునిగిపాయ. ఇండ్లకు ఇండ్లు ఇచ్చినారు, కాలనీ కట్టినారు. మా అమ్మ సమాధి ఆడనే ఉండె. మా జేజిది, జేజినాయనది అందరివీ ఆడనే. అవన్నీ నీళ్ళ కిందికి పాయ. మా నాయన రోజూ గొర్రెలు తోలుకొని ఒడ్డుకు పోయి కూసునేటోడు. నీళ్ళు తగ్గితే అమ్మ సమాధి కనపడతాదేమో అని. ఒకనాడు వచ్చి చెప్పినాడు. 'నన్ను మట్టిలో పెట్టొద్దుమే. నేను పెట్టినోళ్ళను నేనే కాపాడుకోలేకపోతి. సదువుకునే పిల్లోళ్ళకు ఇచ్చెయ్. వాళ్ళకన్నా పనికొస్తా' అని. మా వాళ్ళంతా నామీదికి కొట్లాటకొచ్చినారు. తండ్రిని దిక్కులేనోని మాదిరి పారేసినావని. ఏం జేస్తా? ఆయప్ప చెప్పినట్టే చేస్తి."

జేజీ, నాకు నీ మొదటి ఉత్తరం జ్ఞాపకం వచ్చి తల ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ నన్ను అడిగింది. "సరేగాని, ఏం నేర్చుకుంటిరమ్మా మీరు?"

ఏం చెప్పను? ఆరు నెలల పేర్లన్నీ ఇంగ్లీషువి. ఆమె ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "బొటనవేలు పైకెత్తు పెద్దమ్మా, బాగా ఎత్తు" అన్నాను. ఎత్తింది. మణికట్టు పక్కన చిన్న గుంట పడింది. "ఈ గుంటకు ఇటొక తాడు, అటొక తాడు. ఆ రెండూ వేలిని పైకి లాగుతాయి. గుంట అడుగున చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి ఊతంగా పెట్టి కింద పడితే ఆ ఎముకే విరుగుతుంది. బయటికి వాపు కూడా కనపడదు. ఇక్కడ నొక్కి చూస్తేనే తెలుస్తుంది. ఇది పుస్తకంలో చదివితే నాకు అర్థం కాలేదు. తాతే చూపించినాడు" అన్నాను.

ఆమె ఆ గుంట వైపు చాలాసేపు చూసింది. వేలు దించింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ గుంట పడింది. పక్క కుటుంబంవాళ్ళు కూడా ఎంగిలి చేతులు పక్కకు పెట్టుకొని వేళ్ళు ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టారు. ఇష్రత్ వాళ్ళ దగ్గరికి పోయి ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆ వరసంతా బొటనవేళ్ళు పైకెత్తి కూర్చున్నారు.

అప్పుడు చౌడమ్మ నవ్వింది. కొండ ఆ పక్కకు వినపడేట్టు నవ్వింది.

"మా నాయన ముక్కుపొడి ఈడనే పోసుకుంటాండె" అంది. "సరిగ్గా ఈ గుంటలోనే. పోసుకొని, ముక్కు కాడికి తెచ్చుకొని, కండ్లు మూసుకొని ఒక్క పీల్పు. మేము గుంటను గుంట అని కూడా అనుకోలే."

ఆమె నాయనే మా తాతా? నేను అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తన చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకొని, కళ్ళు మూసుకొని ఒక్కసారి గట్టిగా పీల్చింది.

నీ మనవరాలు,
లిడియా